నీళ్లడిగి పోయే తొవ్వ

పోయిన నెలలో కరీంనగర్ కుర్రవాడొకడు, భుజానికి తగిలించుకునే సంచి జిప్పు పాడైందని మా దర్జీ దుకాణానికి తెచ్చాడు. మెట్‌పల్లిలో వాళ్ల మేనత్త ఇల్లుందట, దారిలో ఆగాడు. సంచి అడుగున ఎర్రమట్టి, పక్క జేబులో సైకిల్ పంపు. ఎక్కడ తిరిగి వస్తున్నావని అడిగాను. కెరమెరి ఘాట్ పైనున్న కొండల్లో దోస్తులతో కలిసి సైకిళ్లు తొక్కి వస్తున్నానన్నాడు. ఫోన్ తీసి దారి చూపించాడు. ఆకుపచ్చ పటం మీద నీలం గీత ఒకటి వానపాములా మెలికలు తిరుగుతూ కొండ ఎక్కి దిగుతోంది.

ఆ దారి గురించి చెబుతూ చెబుతూ ఒక వింత చెప్పాడు. కొండ మీద ఒక గోండు గూడెం ఉందట. అక్కడ మొదటి ఇంటి ముందు ఎవరైనా సరే సైకిల్ దిగి నీళ్లడగాలట. సీసాలో నీళ్లున్నా, దాహం లేకపోయినా అడగాలట. అడగకుండా ముందుకు పోతే తోటివాళ్లే ఒప్పుకోరట.

ఆ పద్ధతి ఎవరు పెట్టారని అడిగాను.

"ఏమో అంకుల్. ముందు నుంచి ఉన్నదే. పెద్దోళ్లు అట్ల చేసిండ్రు, మేం గూడ అట్లనే చేస్తం."

నేను మిషన్ మీద నుంచి కాలు తీశాను. ముందు నుంచీ ఏం లేదు. ఆ పద్ధతి పుట్టినప్పుడు నేను పక్కనే ఉన్నాను. పెట్టినాయన మా గల్లీ మనిషి, మా దుకాణానికి ఎదురు వరసలో ఇల్లు. ఆయన చనిపోయి ఇంకా రెండో వానాకాలమే నడుస్తోంది, అప్పుడే ఆయన అలవాటు పేరు లేని ఆచారమైపోయింది. ఆయనకిది తెలిస్తే మీసం దువ్వుకునేవాడు. పేరు చెప్పలేదేమని కాస్త అలిగేవాడు కూడా.

ఆయన మస్కట్ నుంచి తిరిగొచ్చిన రోజు నాకు బాగా గుర్తు. మా వైపు గల్ఫ్ నుంచి మనిషి దిగితే ఏం తెచ్చాడో చూడటానికి గల్లీ అంతా కదిలి వస్తుంది. కంబళ్లు, పాలపొడి డబ్బాలు, అత్తరు సీసాలు, టార్చిలైట్లు, ఇవి ఎప్పుడూ ఉండేవే. ఆయన జీపు మీద నుంచి దింపింది మాత్రం మనిషంత పొడుగు అట్టపెట్టె. టీవీ అన్నారు కొందరు, ఫ్రిజ్జన్నారు కొందరు. విప్పితే లోపల ముక్కలు ముక్కలుగా విడదీసిన సైకిల్. ఒక్కో టైరు పనసకాయలా ముళ్లు తేలి ఉంది. ఆయన భార్య, నేను వదిన అని పిలుస్తాను, అరుగు మీద కూర్చుని అంతా చూసి అందరూ వినేలా అన్నది:

"అందరి మొగలు బంగారం తెచ్చిండ్రు. నా మొగడు ఇనుము తెచ్చిండు."

ఆయన తల ఎత్తకుండా బోల్టు బిగిస్తూనే, "ఇనుము గాదే, అల్యూమినియం" అన్నాడు.

"సత్తు సామానా? అయితే గిన్నెలన్న చేయించు మరి."

ఆ మాట మా గల్లీలో చాలాకాలం నడిచింది. ఎవరింట్లో కొత్త సత్తుగిన్నె కనిపించినా ఇది మస్కట్ సైకిలేనా అని అడిగేవాళ్లు.

మస్కట్‌లో ఆయన సైకిళ్ల దుకాణంలో ఏం పనిచేయలేదు. డ్రైవరు. అక్కడి కొండల్లో సైకిళ్లు తొక్కడానికి దేశదేశాల నుంచి మనుషులు వస్తారట. వాళ్ల వెనకాల నీళ్ల డబ్బాలు, పండ్లు, సామాన్లు వేసుకుని బండి నడపడం ఈయన పని. ముందు వాళ్లు ఎక్కుతుంటే వెనక ఈయన చిన్న గేరులో పాకుతూ పోయేవాడు. ఏళ్ల తరబడి మనుషుల వీపులే చూశానని నవ్వేవాడు. ఒకసారి వాళ్లలో ఒకరికి జ్వరం వస్తే ఖాళీ సైకిల్‌ను బండిలో వేసుకునే బదులు తానే ఎక్కి తొక్కాడట. ఆ రోజుతో పిచ్చి పట్టింది. ఆ పిచ్చే అట్టపెట్టెలో వచ్చింది.

అప్పటికే యాభై దాటిన మనిషి. నిలువెత్తు మనిషి, ముందుకు పొట్ట, దాని కింద మోకాళ్ల దాకా లాగు. ఈ వయసులో లాగేందిరా అని మా బాపు ముఖం మీదే అడిగాడు. ధోతి గొలుసులో చిక్కుకుంటది కాకా అని చెప్పి పోయాడు. సిగ్గు అనేది ఆయనకు తెలియదు. తప్పు ఒప్పుకోవడం అంతకన్నా తెలియదు. టీ కొట్టు దగ్గర ఏ విషయం మీదైనా వాదించేవాడు, ఓడిపోతే రేపు మళ్లీ అదే విషయం మొదటినుంచి ఎత్తుకునేవాడు.

కానీ సైకిల్ మీద ఉన్నప్పుడు వేరే మనిషి. ఎదురుగా ఎడ్లబండి వస్తే దిగేవాడు. నెత్తిన కట్టెల మోపుతో ఆడవాళ్లు వస్తే దిగి పక్కకు నిలబడేవాడు. ఇప్పపువ్వు రాలే కాలంలో పువ్వు ఏరుకునేందుకు చెట్టు కింద నేల ఊడ్చి ఉంటుంది కదా, అటువైపు చక్రం పోనిచ్చేవాడు కాదు, ముళ్లలో నుంచైనా చుట్టూ తిరిగేవాడు. పల్లేరుగాయలు గుచ్చుకుని ట్యూబు పోతే పోయిందనేవాడు. ఆయన సైకిల్‌కు గంట ఉండేది కాదు. ముందు నడిచే మనిషిని దాటాలంటే దగ్గేవాడు. గంట కొడితే జరుగు అన్నట్టుంటుందట, దగ్గితే వస్తున్నాను అన్నట్టుంటుందట. ఇంట్లో మామూలుగా దగ్గినా వదిన, ఎవలున్నరు ముంగట అని అడిగేది.

నాకూ ఆయనకూ స్నేహం కుదిరింది గ్రంథాలయంలో. నేను పదో తరగతి దాటలేదు. ఆ పై చదువంతా మెట్‌పల్లి గ్రంథాలయం బెంచీ మీదే. పగలు కుట్టు, సాయంత్రం పుస్తకం. కథలు, చరిత్ర, భూగోళం, ఆఖరుకు అట్ట ఊడిపోయిన నిఘంటువు కూడా వదల్లేదు. దాని గర్వం నాకు ఉండేది, ఇప్పుడూ ఉంది. ఆయన ఒక సాయంత్రం తలుపు దగ్గర నిలబడి దగ్గాడు. గోదావరి అవతలి కొండల సంగతి కావాలన్నాడు. నాకు అంతకన్నా ఏం కావాలి. ఆ కొండలు ఎప్పుడో ఉబికి వచ్చిన లావా పరుచుకుని చల్లారిన నల్లరాతి పీఠభూమి అనీ, గోండు రాజుల కోటలు అక్కడే ఉన్నాయనీ, వాగులన్నీ ఏ వైపు పారి ఏ నదిలో కలుస్తాయో, అన్నీ చెప్పాను. బెంచీ అంచు మీద కూర్చుని బడిపిల్లవాడిలా విన్నాడు. విని, ఇవన్నీ చూడటానికి ఎప్పుడు పోయావని అడిగాడు.

నేను ఉట్నూరు కూడా పోలేదు.

ఆయన నవ్వలేదు. వచ్చే ఆదివారం పోదాం, నువ్వు చెబుతుండు, నేను తీసుకుపోతుంటా అన్నాడు. ఆ రోజు నుంచి నాకు పెట్టిన పేరు లైబ్రరీ. "ఏం లైబ్రరీ, తెరుచుకున్నవా?" అని పొద్దున్నే దుకాణం ముందు పలకరించేవాడు. కొండల్లో ఎవరైనా ఏ రాయి గురించో చెట్టు గురించో అడిగితే, నా భుజం మీద చెయ్యి వేసి మా లైబ్రరీని అడుగుండ్రి అనేవాడు. మా ఇంట్లో కూడా నా చదువుకు అంత మర్యాద ఎవరూ ఇవ్వలేదు.

ఖానాపూర్ దగ్గర గోదావరి దాటి, ఉట్నూరు, జైనూరు మీదుగా ట్రాలీ ఆటోలో సైకిళ్లు కట్టుకుని పోయేవాళ్లం. మొదటిసారి పోయినప్పుడు పైకి చేరాక సైకిళ్లు దింపనివ్వలేదు. ముందు నడవాలన్నాడు.

"నడువని తొవ్వ మీద చక్రం తిప్పొద్దు లైబ్రరీ."

కాలిబాటను మా వైపు తొవ్వ అంటాం. ఆయన దృష్టిలో తొవ్వ మనుషులది, సైకిల్ దాని మీద చుట్టం. నిజానికి ఆ కొండల్లో నడక చిన్నవిషయం కాదు. నాగోబా దేవుడి కోసం గోదావరి నీళ్లు తేవడానికి అక్కడివాళ్లు ఇప్పటికీ చెప్పుల్లేకుండా అడవి దారుల్లో నడిచిపోయి వస్తారు. సంతకు నడక, పెళ్లికి నడక, పిల్లల బడికి నడక. ఆ రోజు పొద్దుగూకేదాకా నడిపించాడు. ఎండిన టేకాకులు అప్పడాల్లా నలుగుతుంటే, వాటి కింద రాయి ఎక్కడుందో చూపించేవాడు. నా పాదాలు బొబ్బలెక్కాయి. నేను పుస్తకంలో చదివిన పీఠభూమి మొదటిసారి నా అరికాళ్లకు తగిలింది. ఆ బొబ్బలకు నేను ఆయనకు ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

ఆ నడకలోనే ఆ గూడెం వచ్చింది. తొవ్వ పక్కన మొదటి ఇల్లు. ఎర్రమన్నుతో అలికిన గోడలు, ముందు కర్రల పందిరి, పందిరి కింద నీళ్ల కుండలు, వెనక ఏటవాలుగా పత్తి చేను. ఆయన భుజాన నిండు నీళ్ల సీసా ఉంది. అయినా పందిరి ముందు ఆగి దగ్గాడు. లోపలి నుంచి ఒక పెద్దావిడ వచ్చింది.

"రాం రాం అక్కా. జర నీళ్లియ్యి."

ఆమె సీసా వైపు చూసింది, ఆయన వైపు చూసింది, చెంబుతో నీళ్లు తెచ్చింది. ఆయన చెప్పులు విప్పి, మెట్టు మీద కూర్చుని, తాపీగా తాగాడు. ఏ ఊరు, ఏం పని, ఎక్కడికి పోతున్నారు, అన్నీ ఆమె అడిగింది. ఈయన సమాధానాలు చెబుతూ ఈ తొవ్వ మీద సైకిళ్లు తొక్కుకుంటూ పోతే మీకేమన్న ఇబ్బందా అని అడిగాడు. కోడిపిల్లలుంటయి, జర చూసుకొని పోండ్రి, అంతే అన్నది. ఆయన ఆమెను అక్క అనేవాడు, ఆమె ఆయనను దాదా అనేది, అంటే అన్న. ఇద్దరూ ఒకరినొకరు పెద్ద చేసుకున్నారు.

దిగుతున్నప్పుడు అడిగాను, సీసా నిండా పెట్టుకుని నీళ్లెందుకు అడిగావని. మస్కట్ కొండల్లో ఏ ఊరి ముందు నుంచి పోయినా ఎవరో ఒక ముసలాయన దింపి ఖర్జూరాలు, కహ్వా కాఫీ ఇచ్చేవాడట. తాగకుండా పోతే కోపం. తాగితే ఆ ఊరు మనది. మన దగ్గర ఎవరూ రోడ్డు మీదికి వచ్చి దింపరు, మనమే దిగి అడగాలి అన్నాడు. అడిగి తాగినవాడు చుట్టం. తన నీళ్లు తాను తాగేవాడు ఆఫీసరు.

అట్లా మొదలైంది ఆ పద్ధతి. తరవాత కరీంనగర్ నుంచి ఆదివారాలు కొందరు రావడం మొదలుపెట్టారు. ఉద్యోగస్తులు, దుకాణాలవాళ్లు, ఒకరిద్దరు ఆడపిల్లలు. అందరినీ ముందు నడిపించేవాడు, అందరితోనూ ఆ మొదటి ఇంట్లో నీళ్లడిగించేవాడు. కొందరికి విసుగు. అలవాటైన కొద్దీ ఆ పందిరి కింద కూర్చోవడమే అసలు పనిగా, సైకిల్ తొక్కడం దానికి సాకుగా మారింది. పత్తి ధరలు, ఎలుగుబంట్లు, కోడళ్లు, అన్నీ మాట్లాడుకునేవాళ్లు. ఆమె భర్త మాట్లాడేది తక్కువ. మంచం మీద కూర్చుని సైకిళ్ల గేర్లు తిప్పి చూసేవాడు.

మనుషులు తమ మంచి అలవాటూ చెడ్డ అలవాటూ ఒకే ఊరి నుంచి తెచ్చుకోగలరని నేను తరవాత తెలుసుకున్నాను.

ఒక వానాకాలం మంచులో వెనకబడిన ఇద్దరు తొవ్వ చీలిన చోట తప్పుదారి పట్టారు. వాళ్లలో ఒకతను వాగు గట్టు మీద నుంచి జారి భుజం ఎముక విరగ్గొట్టుకున్నాడు. ఈయనకు ఆ బాధ్యత తనదే అనిపించింది. మస్కట్ కొండల్లో నడిచేవాళ్లు దారి తప్పకుండా రాళ్ల మీద రంగు గీతలు వేసి ఉంటాయట. వానలు తగ్గాక అదే చేయాలనుకున్నాడు. నేను పెళ్లిళ్ల కుట్లలో మునిగి ఉన్నాను. ఒక్కడే ఆసిఫాబాద్‌లో పసుపుపచ్చ పెయింటు డబ్బా కొని, కొండ కింది నుంచి గూడెం దాకా మలుపు మలుపుకూ రాయి మీద గీత వేసుకుంటూ పోయాడు. తిరిగొచ్చినప్పుడు చెవి మీద కూడా పెయింటు ఉంది. ఇక గుడ్డివాడు కూడా దారి తప్పడని చెప్పాడు. గుడ్డివాడికి పసుపు ఎట్లా కనబడతదని వదిన అడిగింది.

ఆ వచ్చే ఆదివారం అందరం పోయాం. పత్తి పగిలి చేలన్నీ తెల్లగా ఉన్నాయి. మొదటి ఇంటి ముందు ఆగి ఆయన దగ్గాడు. ఆమె పందిరి కిందే ఉంది. మమ్మల్ని చూసి లేచి లోపలికి పోయి తడక దగ్గరికి వేసుకుంది.

"అక్కా, జర నీళ్లియ్యి."

తడక కదల్లేదు. మంచం మీదున్న ఆమె భర్త ఎటో చూస్తూ నీళ్లు లేవన్నాడు. పందిరి కింద కుండలు నిండుగా ఉన్నాయి. ఒక కుండ అంచు నుంచి తడి కారుతోంది.

మాతో వచ్చినవాళ్లు తమ సీసాల్లో నీళ్లు తాగి ముందుకు పోదామన్నారు. ఆయన కదల్లేదు. చెప్పులు విప్పి మెట్టు మీద కాకుండా కింద, మట్టిలో కూర్చున్నాడు. ఏం తప్పు జరిగిందో చెప్పమని అడిగాడు. మా వాళ్లెవరైనా కోడిని తొక్కారా, దేవుడి చోట చెప్పులతో నడిచారా, ఒక్కొక్కటే అడుగుతూ పోయాడు. ఆ పెద్దాయన మంచం మీద నుంచే అన్నాడు.

"కొలిచి పోయిన్రు గద. ఇగ నీళ్లతోని ఏం పని?"

"ఎవలు కొలిచిన్రు?"

"రాళ్ల మీద పసుపుపచ్చ రంగు ఎవలేసిన్రు? నువ్వే గద. మా పిల్లగాండ్లు చూసిన్రు."

అప్పుడు తడక తెరుచుకుంది. ఆమె గడపలో నిలబడి చెప్పింది. ముందొకసారి ఎవరో ఇట్లాగే వచ్చారట. మంచిగా మాట్లాడారట, నీళ్లు తాగారట, రాళ్ల మీద ఎర్రరంగు పూసి పోయారట. ఆ తరవాత వానాకాలానికి చేను మధ్య నుంచి కందకం పడింది. కందకానికి అవతలి సగం అడవిశాఖది, మీది కాదన్నారు. మిగిలిన ఈ సగానికి పట్టా కోసం తిరుగుతూనే ఉన్నారు. ఇప్పుడు ఈ పసుపుగీత సరిగ్గా ఆ మిగిలిన చేను మూలన ఉన్న పెద్ద రాతిగుండు మీద పడింది.

"గీ చేను గూడ పోతే మేం యాడికి పోతం దాదా? సాఫ్ చెప్పు. మాకు నీళ్లు పోసుడు తప్ప ఇంకేం రాదు, అందుకే అందరు మా ఇంట్ల తాగి మా మీదనే గీత గీస్తరు."

టీ కొట్టు దగ్గర ఎవరికీ ఓడని మనిషి. చెప్పడానికి ఆయన దగ్గర మాటలున్నాయి. ఎముక విరిగిన మనిషి సంగతుంది, మస్కట్ సంగతుంది. ఒక్కటీ తీయలేదు. లేచి, ఆ గీతలన్నీ తీసేస్తాను, అప్పటిదాకా నీ ఇంటి ముందు సైకిల్ రాదు అక్కా అన్నాడు. మమ్మల్నందరినీ వెనక్కి తిప్పాడు. దిగువకు కూడా తొక్కనివ్వలేదు. సైకిళ్లు నడిపించుకుంటూ దిగాం.

ఆ తరవాత ఆయన జైనూరులో తెలిసినవాళ్ల ఇంట్లో ఉండిపోయాడు. పొద్దున్నే ఇనుప బ్రష్షు, కిరసనాయిలు సీసా, ఇసుక సంచి పట్టుకుని నడిచిపోవడం, కింది నుంచి ఒక్కో రాయీ తోముకుంటూ పైకి రావడం. చిన్న రాళ్లను బోర్లా తిప్పితే సరిపోతుంది కదా అని ఫోన్లో అన్నాను. దాచినట్టయితది లైబ్రరీ, తీసేసినట్టు కాదు అన్నాడు. వదిన ఇక్కడ, ఇంట్లో గిన్నె తోమని మనిషి కొండలు తోముతున్నాడని గల్లీకంతా చెప్పింది. చెబుతూనే చేతులకు రాసుకోవడానికి కొబ్బరినూనె సీసా నాకిచ్చి పంపింది.

నేను దుకాణం మూసేసిన రోజు పోయి చూశాను. అరచేతులు పగిలిపోయి ఉన్నాయి. రోజూ ఆ ఇంటి ముందు నుంచే పోతాడు. పోతూ దగ్గుతాడు. కానీ నీళ్లు అడగడు. ఆమె చేనులో పత్తి ఏరుతూ ఉంటుంది, తల ఎత్తి చూస్తుంది, మళ్లీ ఏరుకుంటుంది. ఆయన తన సీసా కూడా అక్కడ తీసేవాడు కాదు. మలుపు తిరిగాక, ఇల్లు కనబడని చోట తాగేవాడు. ఇప్పుడు తాను నిజంగానే ఆఫీసరైపోయాడని ఒకసారి అన్నాడు. అంతకన్నా ఎక్కువ ఏం చెప్పుకోలేదు. ఆమె మళ్లీ చెంబు పట్టుకుని బయటికి వస్తుందా రాదా అన్నదే ఆయన ఆలోచనంతా అని నాకు తెలుసు.

చివరికి మిగిలింది చేను మూలనున్న ఆ పెద్ద గుండు. దానితోనే వచ్చింది చిక్కు. ఆ నల్లరాయి నున్నగా ఉండదు. లావా చల్లారేటప్పుడు లోపలి గాలి బుడగలు బయటికి పోయి రాయంతా బొక్కలు బొక్కలుగా మిగులుతుంది. ఇది నేను పుస్తకంలో చదివి ఆయనకు ఎంతో గొప్పగా చెప్పిన విషయమే. ఆ బొక్కల్లోకి పెయింటు దిగిపోయి గట్టిపడింది. పైపైన ఎంత తోమినా పసుపు చుక్కలు మెరుస్తూనే ఉన్నాయి. బ్రష్షు ముళ్లు లోపలికి పోవు. ఆయన గుండు మీద చెయ్యి ఆనించి, నీ బుడగలు నన్ను చంపినయి లైబ్రరీ అన్నాడు.

నా సంచిలో గోనె కుట్టే దబ్బనాలు ఉన్నాయి. చెరొకటి తీసుకుని గుండుకు ఇటూ అటూ కూర్చున్నాం. ఒక్కో బొక్కలో దబ్బనం పెట్టి పెయింటు గీకి తీయడం. ఎండ నెత్తిమీదికొచ్చింది. చేతికి తెలిసిన పనే కదా, నాకు కాస్త వేగంగా సాగింది. ఆయన లావు వేళ్లలో దబ్బనం జారిపోతోంది.

ఎప్పుడు వచ్చిందో ఆమె వచ్చి వెనక నిలబడింది. నడుముకు కట్టిన పత్తి సంచి అట్లాగే ఉంది.

"ఏం దాదా, రాయిని కుడుతున్నరా?"

ఆయన తల ఎత్తాడు. చినిగింది అక్కా, అందుకే దర్జీని తెచ్చుకున్నా అన్నాడు. ఆమె మొదట పెదవి బిగించింది. తరవాత ఆ నవ్వు ఆగలేదు. చేనులోని భర్తను కేకేసి, వచ్చి చూడు, మెట్‌పల్లోళ్లు గుండుకు టాకా వేస్తున్నారని చెప్పింది. ఆ పెద్దాయన కూడా వచ్చి చూసి, జీవితంలో మొదటిసారి నా ముందు పళ్లు కనబడేలా నవ్వాడు.

నవ్వు అయ్యాక ఆమె ఇంటి వెనక్కి పోయింది. తట్టలో పేడ, ఎర్రమన్ను కలిపి తెచ్చింది. మమ్మల్నిద్దరినీ లెమ్మని చెప్పి, తన ఇంటి గోడ అలికినట్టే, ఆ గుండును అరచేత్తో చుట్టూ అలికింది. పసుపు చుక్కలన్నీ మట్టి కిందికి పోయాయి. మేము దాచడం వద్దనుకున్న దాన్ని ఆమె దాచింది. అది ఆమె చేను, ఆమె గుండు, దాచే హక్కు ఆమెది. చేతులు కడుక్కుని పందిరి వైపు నడిచింది. మేము గుండు దగ్గరే నిలబడి ఉన్నాం. ఆమె వెనక్కి తిరిగి చూసింది.

"నీళ్లు అడుగవా దాదా?"

ఆయన దగ్గాడు. ఆమె అడిగినట్టే లెక్క వేసుకుని చెంబు తెచ్చింది. ఆయన తాగుతుంటే నీళ్లు మీసం మీది నుంచి, పొట్ట మీది నుంచి కారాయి. రెండోసారి నోరు తెరిచి అడిగి తాగాడు.

దారి తప్పకుండా ఏం చేయాలన్నది కూడా ఆ పందిరి కిందే తేలింది. రంగు అక్కర్లేదు, వచ్చినవాళ్లు ఇక్కడ దిగి నీళ్లు తాగితే ఎటు పోవాలో నేనే చెప్తా, ఎంతమంది పైకి పోయారో తెలుస్తుంది, పొద్దుగూకేదాకా తిరిగి రాకపోతే వెతకడానికి మా పిల్లగాండ్లను పంపుతా అన్నదామె. అప్పటి నుంచి ఆ మొదటి ఇంట్లో నీళ్లు మర్యాద ఒక్కటే కాదు, కాపలా కూడా. కరీంనగర్ కుర్రవాడికి ఎవరూ చెప్పని సంగతి ఇది.

ఆయన చలికాలంలో పోయాడు. పొద్దున సైకిల్ గొలుసుకు నూనె వేస్తూ ఛాతీలో నొప్పన్నాడు, ఆసుపత్రికి చేరేలోపే అయిపోయింది. వదిన ఆ సైకిల్‌ను ఎవరికీ ఇవ్వలేదు. ఇప్పటికీ పండుగకు గిన్నెలు తోముతూ దాన్నీ చింతపండుతో తోముతుంది. ఒకరోజు చూస్తుండగా నాతో అన్నది, సత్తు సామాను మంచిగ ఉంచితె చానా దినాలు ఉంటది మర్దీ అని.

ఆయన పోయిన మాట ఆ ఇంట్లో చెప్పాల్సింది నేనే. వెంటనే పోలేకపోయాను. ఆమెకు ఫోన్ చేసి చెప్పబుద్ధి కాలేదు. నడిచి పోయి చెప్పాల్సిన మాట అది. వానలు వెనకపట్టిన తరవాత పోయాను. కింది నుంచి నడుచుకుంటూనే పోయాను. మలుపు మలుపుకూ ఆయన తోమిన రాళ్లు. పక్క రాళ్లకన్నా కాస్త తెల్లగా, అరిగి, శుభ్రంగా ఉన్నాయి. తెలిసినవాడికి దారి చూపడానికి అది చాలు.

పందిరి ముందు నిలబడ్డాను. నాకు దగ్గడం రాదు. అయినా దగ్గాను. ఆమె రెండు చెంబులతో వచ్చింది, నా వెనక చూసింది, తొవ్వ మీద ఇంకెవరూ లేరు. నా ముఖం చూసింది. నేను చెప్పక ముందే ఒక చెంబు కింద పెట్టింది. చెప్పాను. ఆమె భర్త మంచం మీద నుంచి లేచి నిలబడ్డాడు, అంతే, అట్లాగే నిలబడి ఉన్నాడు. నేను నీళ్లు తాగాను. కింద పెట్టిన ఆ రెండో చెంబును ఆమె మళ్లీ చేతిలోకి తీసుకుని చేను వైపు నడిచింది. నేనూ వెంట పోయాను.

ప్రతి ఏడూ వానలకు ఆ గుండు మీది అలుకు కారిపోతుంది. ప్రతి ఏడూ పండుగకు ఇల్లు అలికినప్పుడు ఆమె దాన్ని కూడా అలుకుతుంది. అది నాకు తెలుసు. ఆ ఏడు ఇల్లు కొత్తగా, ఎర్రగా అలికి ఉంది. గుండు మాత్రం నల్లగా, వానలో కడిగినట్టుగా ఉంది. బొక్కబొక్కలోనూ మేము తీయలేకపోయిన పసుపు చుక్కలు ఎండకు మెరుస్తున్నాయి. ఆమెకు అప్పటికే తెలుసు. గల్ఫ్ నుంచి వచ్చిన మెట్‌పల్లి మనిషెవరో జైనూరులో చెబితే సంతకు పోయినప్పుడు విన్నారట. విని కూడా రెండు చెంబులు తెచ్చింది.

ఆమె ఆ చెంబు నీళ్లు గుండు మీద మెల్లగా పోసింది. నీళ్లు బొక్కల్లో నిలిచాయి.

పట్టా వచ్చిందా అని అడిగాను. రాలేదంది. మరి ఈ రంగు ఇట్లా బయట ఉంటే, రేపు ఎవరన్నా వచ్చి ఇదేం గీత అని అడిగితే ఎట్లా అన్నాను.

ఆమె తడిచేతిని చీర కొంగుకు తుడుచుకుంది.

"అడుగనీ. గిది మా దాదా రంగు అని చెప్త."